తాత చెవికి ఒక చిప్పు

పాలిటెక్నిక్ అయిపోయి ఉద్యోగం ఇంకా రాని ఆ రోజుల్లో నాకు తెలివి కంటే ధైర్యం ఎక్కువ. నాలుగు వీడియోలు చూస్తే చాలు, సగం ఇంజనీరునైపోయానని నమ్మేవాణ్ని. ఇంట్లో చేతికందిన ప్రతి రేడియోనూ విప్పాను (కొన్నింటిని మళ్లీ బిగించాను కూడా). అప్పటికి మా తాతకు చెవులు మందగించాయి. ఎమ్మిగనూరులో మా ఇంట్లో అమ్మ పొద్దస్తమానం మగ్గం నేసేది. ఆ చప్పుడులో తాతకు మనుషుల మాట అందేది కాదు. కొనిచ్చిన చెవి మిషను మగ్గాన్నే ఇంకా పెద్దగా వినిపిస్తోందని పెట్టెలో పడేశాడు. రెండుసార్లు "ఆఁ?" అని, మూడోసారి అడగడానికి మొహమాటపడి నవ్వేసేవాడు. పోనుపోను మాట్లాడటమే మానేస్తున్నాడు. నాకది చాలా బాధగా ఉండేది. చప్పుడును వడగట్టి మాటను మాత్రం వినిపించే యంత్రం చేయాలనుకున్నాను.

శబ్దాన్ని అంకెలుగా మార్చి, మనం చెప్పినట్టు మలిచే చిప్పులు ఉంటాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది, నూటికి పైగా కాళ్లున్నది తెప్పించాను. వెంట్రుకల్లాంటి ఆ కాళ్లను అతికించబోతే అన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఆదోనిలో ఆంప్లిఫయర్లు బాగుచేసే అన్న దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన భూతద్దంతో చూసి, "ఎవురికప్పా ఇది?" అన్నాడు.

"మా తాతకు, అన్నా."

"తాతకా, నీ గొప్పకా?"

నేను చిప్పును తిరిగి డబ్బాలో పెట్టేశాను.

"సిన్న చిప్పు, బోర్డు మీద ముందే అతికించి వచ్చేది తీసుకో. కంప్యూటర్ తెర మీద ఒక్కో పనికి ఒక్కో డబ్బా బొమ్మ పెట్టి గీతలు కలిపితే సాలు, పని సేస్తాది. నేర్సుకునేటోనికి అదే సరి," అన్నాడు.

ఆ చిన్న బోర్డుతో నెల తిరక్కుండా యంత్రం తయారైంది. తాతను వసారాలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ తగిలించాను. లోపల అమ్మ నేస్తూనే, "మామా, కాపీ తాగినావా?" అంది.

"తాగినా లేమ్మా. సెక్కెర తక్కువైంది," అన్నాడు తాత, ఒక్కసారికే.

నా సంతోషం చెప్పలేను. అంతలోనే ఆయన ముఖం పాలిపోయింది. గోడ పట్టుకుని లేచి, "మగ్గం యాల నిల్సిపోయినాది? ఆయమ్మకేమైందిరా?" అంటూ వైర్లతో సహా లోపలికి నడిచాడు. (మా ఇళ్లల్లో పట్టపగలు మగ్గం ఆగిందంటే ఎవరికో ఏదో అయినట్టే.) అమ్మ మగ్గం మీదే ఉంది. చేతులు ఆడుతూనే ఉన్నాయి. తాత హెడ్‌ఫోన్ తీసి, చప్పుడు విని, గడప మీద కూలబడ్డాడు.

"మాటలు ఇనిపిచ్చినావు, బాగుంది నాయనా. అది గూడ రవ్వంత ఉండనీ. అది ఆడతాంటేనే అందరూ బాగుండారని నాకు తెలిసేది," అన్నాడు.

ఆ పూటే కంప్యూటర్లో ఇంకో గీత కలిపి, మాటల వెనక మగ్గాన్ని సన్నగా వదిలాను. ఉన్నన్నాళ్లూ తాత మళ్లీ కడుపునిండా మాట్లాడాడు (తగాదాలు కూడా పడ్డాడు).

ఏ చిప్పు కొనాలని ఇప్పుడు ఎవరైనా అడిగితే, చిన్న బోర్డే కొనమంటాను. దాదాపు నెలరోజులు తాత పక్కనే కూర్చుని వైర్లు అతికించిన అప్పటి నాలోని ఆ తెలివైనవాడికి, ఆయనకేం వినాలనుందో అడగాలని తట్టనే లేదు. తలుచుకుంటే నవ్వొస్తుంది. తాత ఉంటే ఇప్పుడు అడిగేవాణ్ని.