కోరలీ ఎంచుకున్న చిన్న తూటా

కోరలీ ట్రెనౌత్ మా రైఫిల్ క్లబ్బుకి మొదట్లో వచ్చింది కాల్చడానికి కాదు, కారు తోలడానికి. ఆమె అన్న మెర్వ్‌కి చూపు నడిమధ్యలో మసక కమ్ముతోందని డాక్టరు తేల్చాక డ్రైవింగ్ లైసెన్సు పోయింది. పోర్ట్ ట్రెగెన్ ఊరి నుంచి మేం కాల్చే మైదానం, అంటే మా రేంజి, పదిహేడు కిలోమీటర్లు. బస్సు లేదు. అందుకని ప్రతి శనివారం మధ్యాహ్నం చెల్లెలే అతన్ని తెచ్చి దింపేది. దింపి ఇంటికి వెళ్తే మళ్లీ రావాలి గదా, కారులోనే కూర్చుని ఊలు అల్లుకునేది.

అలా మూడేళ్లు గడిచాయి. నేను ఆ క్లబ్బుకి కార్యదర్శిని. పేరు పెద్దదే గానీ టీ కాచేదీ, తాళాలు తీసేదీ, అందరి స్కోర్లూ రాసేదీ నేనే. కోరలీకి టీ ఇద్దామని కారు దగ్గరికి వెళ్లినప్పుడల్లా గమనించేవాణ్ణి, ఆమె చూపు ఊలు మీద ఉండేది కాదు. రేంజి పొడుగునా పాతిన గాలి జెండాల మీద ఉండేది.

అప్పటికి ఆమెకి యాభై నాలుగేళ్లు. రేవు దగ్గర బార్లీ గోదాముల్లో పని. రైతుల లారీలు వచ్చి నిలబడితే మెట్లెక్కి, పొడవాటి ఇనుప గొట్టాన్ని గింజల్లోకి గుచ్చి నమూనా తీయాలి. ఇరవై రెండేళ్లుగా అదే పని. అక్కడ గాలి ఎటు తిరుగుతుందో ముందే కనిపెట్టకపోతే ఊకంతా కళ్లలోనే పడుతుంది. గాలి మర్మం ఆమెకి అలా వంటబట్టింది. కుడి భుజం అరిగిపోవడం కూడా ఆ పని చలవే.

ఒక శనివారం ఎనిమిది వందల మీటర్ల దగ్గర మెర్వ్ సాధన చేస్తున్నాడు. గుండు వెనక గుండు కుడిపక్కకి జారిపోతోంది. కారు కిటికీలోంచి గొంతు వినిపించింది.

"జెండా మాట నమ్మకన్నయ్యా! రాత్రి వానకి తడిసి బరువెక్కింది అది. అటు గడ్డి చూడు, ఎలా వంగుతోందో."

"నాకు జెండాయే కనపడి చావట్లేదు, గడ్డెక్కడ చూసేది?"

"అయితే నే చెప్పినట్టు తిప్పు. ఎడమకి ఇంకో రెండు గీతలు."

మెర్వ్ స్కోపు మీది మీట తిప్పి కాల్చాడు. నట్టనడుమ పడింది. తర్వాతిదీ అక్కడే. పక్కన పడుకుని ఉన్న బ్రెంటన్ నోస్కే లేచి కూర్చుని కారు వైపు చూశాడు. బ్రెంటన్ అప్పటికి అయిదేళ్లుగా మా క్లబ్బు ఛాంపియన్. మనసు మంచిదే, నోరే కాస్త పెద్దది.

"ఇకనించి ఆ కారుకి కూడా సభ్యత్వం ఇచ్చేయండి," అన్నాడు.

ఆ ఏడు ఆగస్టులో మెర్వ్ తన టార్గెట్ అనుకుని పక్కవాడి టార్గెట్ మీద కాల్చాడు. మేమెవరమూ నవ్వలేదు. బ్రెంటన్ కూడా. మెర్వ్ తాపీగా రైఫిల్ ఖాళీ చేసి, తుడిచి, సంచిలో పెట్టి, దాన్ని తీసుకెళ్లి చెల్లెలి ఒళ్లో పెట్టాడు.

"నాకింక చాలు. నీకు కళ్లున్నాయి, నా దగ్గర తుపాకీ ఉంది. నువ్వు కాల్చు," అన్నాడు.

కోరలీ కాదనలేదు. శిక్షణకి వెళ్లింది, లైసెన్సు తెచ్చుకుంది, క్లబ్బులో చేరింది. చిక్కంతా ఆ తర్వాతే మొదలైంది.

మా పోటీలు మూడు వందల మీటర్ల నుంచి తొమ్మిది వందల దాకా ఉంటాయి. మేము కాల్చే తరగతిలో రెండే రెండు రకాల తూటాలకి అనుమతి. ఒకటి త్రీ నాట్ ఎయిట్, రెండోది టూ టూ త్రీ. మొదటిదాని గుండు రెండోదానికి ఇంచుమించు రెండింతల బరువు. మా క్లబ్బులో అందరిదీ పెద్దదే. మెర్వ్ రైఫిలూ అదే. చిన్నదాన్ని పొలాల్లో కుందేళ్ల కోసం పట్టుకెళ్తారు తప్ప పోటీకి తెస్తే నామోషీ అనుకునేవాళ్లం.

కోరలీ మాత్రం మెర్వ్ రైఫిల్‌తో రెండు శనివారాలు కాల్చి, మూడో శనివారం భుజం పట్టుకుని కూర్చుంది. క్లబ్బు గదిలో కూర పెట్టి కాల్చిన పాస్టీలు తింటూ తలా ఒక సలహా పారేశారు.

"భుజానికి మెత్త కట్టుకో, అంతేగానీ చిన్నదాని జోలికి మాత్రం పోకు," అన్నాడు బ్రెంటన్. "తొమ్మిది వందల మీటర్లంటే మాటలా? ఆ చిన్న గుండు దారి అడుక్కుంటూ పోవాలి."

మూల కూర్చున్న కిట్టో గొంతు సవరించుకున్నాడు. డెబ్భై ఆరేళ్ల మనిషి, తుపాకులు బాగుచేసేవాడు. చెవుడు. వినబడనట్టు కూర్చుంటాడు గానీ కావలసినవన్నీ వినబడతాయి.

"అందరూ కొనేశాక అడుగుతారు నన్ను. నువ్వు కొనకముందు పడుకుని కాల్చి చూపించు తల్లీ."

"ఏది బాగా తగులుతుందో చూడటానికా?"

"తగలడం తర్వాత సంగతి. నువ్వెంత కదులుతున్నావో చూడాలి."

మరుసటి వారం కిట్టో తన సొంత టూ టూ త్రీ తెచ్చాడు. రెండు రకాల్లోనూ మందు లేని ఉత్తుత్తి తూటాలు కొన్ని చేసి తెచ్చాడు. అసలువాటిలో వాటిని కలిపి, ఏది ఏదో చెప్పకుండా ఒక్కొక్కటే కోరలీ చేతికి అందిస్తూ వచ్చాడు. నా పని పక్కన బోర్లా పడుకుని తుపాకీ గొట్టం కొసను కనిపెట్టి ఉండటం.

ముందు మెర్వ్ రైఫిల్. అయిదు గుండ్లు బాగానే వెళ్లాయి. ఆరోది ఉత్తుత్తిది. 'టిక్' మంది అంతే. ఆ టిక్కుకి ముందే గొట్టం కొస గింజ ఏరుకునే కోడిలా కిందికి ఒక్క పొడుపు పొడిచింది. కోరలీ కళ్లు గట్టిగా మూసుకుని ఉంది.

తర్వాత చిన్నది. నాలుగు పేలాయి, అయిదోది టిక్కుమంది. గొట్టం కొస మీద నిండు గ్లాసు పెట్టినా చుక్క తొణికేది కాదు.

కోరలీ లేచి కూర్చుంది. "నేనింత పిరికిదాన్నని నాకే తెలీదు కిట్టో," అంది.

"పిరికితనం కాదే పిచ్చితల్లీ. నీ భుజం నీకంటే తెలివైంది. తన్ను వస్తుందని తెలిసి ముందే తప్పుకుంటోంది."

ఆమె ఇంకెవర్నీ అడగలేదు. "గుండుని గాలి ఎంత తోసుకెళ్తుందో నేను చూసుకోగలను. ఈ తన్నుడు మాత్రం నా వల్ల కాదు. చిన్నదే కొంటాను," అని తేల్చేసింది.

మెర్వ్ మొహం మాడిపోయింది. "ఇరవై ఆరేళ్లు నా చేతిలో ఉన్న రైఫిలే అది. కుందేళ్ల తుపాకీ కోసం దాన్ని వద్దంటావా?"

"నేనెక్కడన్నానన్నయ్యా? నా భుజం అంటోంది."

"భుజంతో చెప్పు, నాతో మాట్లాడొద్దని."

అయిదు వారాలు అన్నాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు. శనివారాలు కలిసి రావడం మాత్రం మానలేదు. దారి పొడుగునా కారు రేడియోలో ఫుట్‌బాల్ వ్యాఖ్యాత ఒక్కడే మాట్లాడేవాడట.

ఈలోగా కోరలీ పత్రికలో ప్రకటన చూసి, పై ఊళ్లో ఎవరో అమ్ముతున్న టూ టూ త్రీ కొనుక్కొచ్చింది. భుజానికి ఆనించుకునే బట్ వాల్‌నట్ కర్రది, అద్దంలా మెరిసిపోతోంది. దూరాలకి తట్టుకునే పొడవాటి గుండ్లతో తూటాలు సిద్ధం చేసుకుని, వెలిగిపోతున్న మొహంతో మూడు వందల మీటర్ల దగ్గర పడుకుంది. పది కాల్చింది. నాలుగు టార్గెట్టుకి తగలనే లేదు. తగిలినవాటికి మామూలు గుండ్రటి కన్నాలు లేవు. టార్గెట్ల కింది గుంటలో ఉండి కన్నాలు చూసి చెప్పేవాళ్లు రేడియోలో, "ఇవేవో అడ్డంగా పడ్డాయి, పొడుగు పొడుగు కన్నాలు," అన్నారు.

"కోరలీ! గుండ్లు కాలుస్తున్నావా, చెంచాలు విసురుతున్నావా?" అన్నాడు బ్రెంటన్. రేంజి రేంజంతా గొల్లుమంది. కోరలీ చెవులు ఎర్రబడ్డాయి.

వెనక కుర్చీలో ఉన్న మెర్వ్ దిగ్గున లేచాడు. "నోరు ముయ్యరా బ్రెంటన్! మొదటి ఏడు నువ్వు స్కోపుని వెనకా ముందూ తిరగేసి బిగించుకున్న కథ చెప్పమంటావా వీళ్లకి?"

ఈసారి నవ్వు అటు మళ్లింది. మెర్వ్ చెల్లెలి వైపు తిరిగి, "పద, కిట్టో దగ్గరికి. దాని కడుపులో ఏముందో చూద్దాం," అన్నాడు.

గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్లు ఉంటాయి. గుండుని బొంగరంలా తిప్పి వదిలేవి అవే. గుండు పొడుగయ్యేకొద్దీ ఇంకా జోరుగా తిప్పాలి, లేకపోతే దారిలోనే తూలిపోతుంది. కిట్టో ఒక కడ్డీ కొసకి గుడ్డ బిగించి గొట్టంలోకి తోశాడు. కడ్డీకి చిన్న కాగితం అంటించాడు. మెర్వ్ దాని పక్కన బొటనవేలు ఆనించి పట్టుకున్నాడు. కడ్డీ లోపలికి పోతున్నకొద్దీ గాళ్లతోపాటు తిరుగుతోంది. ఆ కాగితం చుట్టు తిరిగొచ్చి వేలికి తగలగానే "ఆపు!" అన్నాడు మెర్వ్. చూపుతో పని లేని కొలత అది. కడ్డీ ఎంత లోపలికి పోయిందో కిట్టో కొలబద్ద పెట్టి చూశాడు.

"పన్నెండు అంగుళాలకి ఒక చుట్టు. పొట్టి గుండ్లకి చేసిన గొట్టం ఇది. నీ గుండ్లకి ఏడో ఎనిమిదో అంగుళాలకి చుట్టు పడాలి."

"అమ్మినవాడు చెప్పలేదా?" అన్నాడు మెర్వ్.

"నేనడిగితేగా! కర్ర మెరుపు చూసి మురిసిపోయాను," అంది కోరలీ.

"ఈసారి కొలిచే కొందాం. ఇంత చిన్న తూటాతో వాళ్ల నోళ్లు మూయించాలంటే గొట్టమైనా సరైనది ఉండొద్దూ?" అన్నాడు మెర్వ్.

ఆ 'కొందాం' అన్న మాట విని కోరలీ ఏడ్చినంత పని చేసిందని కిట్టో తర్వాత నాతో అన్నాడు. ఏడంగుళాల చుట్టున్న కొత్త గొట్టం తెప్పించి బిగించడానికి అతనికి రెండు నెలలు పట్టింది. మరుసటి ఏప్రిల్ నుంచి ఆమె కన్నాలన్నీ గుండ్రంగా పడ్డాయి, అదీ ఒకదాని పక్కన ఒకటి.

సెప్టెంబరు ఆఖరి ఆదివారం మా క్లబ్బు వార్షిక పోటీ. చివరి దూరం తొమ్మిది వందలు. అప్పటిదాకా బ్రెంటన్ మొదట, అతనికి రెండే పాయింట్ల వెనక కోరలీ. ఇద్దరికీ ఒకే టార్గెట్ పడింది. పక్కపక్కన పడుకుని ఒకరి తర్వాత ఒకరు కాల్చాలి, తలా పది. నడుమ పడితే ఆరు. ఎవరికి వారు కాల్చే పోటీలో ఎవరూ ఎవరికీ గాలి చెప్పకూడదు. మెర్వ్ నా పక్కన కూర్చుని, గుండు గుండుకీ నా డొక్కలో పొడుస్తూ "ఎంత? ఎంత?" అని గుసగుసలాడుతున్నాడు.

ఆరేసి గుండ్లు అయ్యేసరికి ఇద్దరికీ ఒక్కొక్క అయిదు, మిగతావన్నీ ఆర్లు. సముద్రం వైపు నుంచి గాలి, జెండాలు బిర్రుగా ఉన్నాయి. బ్రెంటన్ ఏడోది కాల్చాడు. ఎడమ పక్కన ఎక్కడో మూడు దగ్గర పడింది.

కోరలీ కాల్చలేదు. తల ఎత్తి, జెండాల్ని వదిలేసి, టార్గెట్ల పక్కనున్న బార్లీ చేను వైపు చూసింది. గాలికి వెండిలా తళతళలాడే పైరు ఉన్నట్టుండి ఆకుపచ్చగా నిలబడిపోయింది. అక్కడ గాలి పడిపోయింది, ఆ సంగతి జెండాలకి ఇంకా అందలేదు. మీట వెనక్కి తిప్పింది. గుండుకి ఇచ్చే నలభై అయిదు సెకన్లలో అయిదో ఆరో మిగిలి ఉండగా ట్రిగ్గర్ నొక్కింది. ఆరు.

"ఎంత?"

"ఆరు! నా ఎముకలు విరిచేలా ఉన్నావు, కాస్త ఆగవయ్యా!"

మిగతా మూడింటిలో బ్రెంటన్ ఇంకో ఆరూ ఆరూ ఆరూ కొట్టాడు. ఛాంపియన్ ఊరికే అవుతాడా! కోరలీ మాత్రం ఒకటి అయిదు చేసుకుంది. అక్కడ బ్రెంటన్‌కి యాభై ఆరు, ఆమెకి యాభై ఎనిమిది. మొత్తం లెక్కలో ఇద్దరూ సరిసమానం. మూడేసి గుండ్లతో తేల్చుకోవాలి.

ఆ మూడు గుండ్ల వేళకి గాలి పూర్తిగా చచ్చిపోయింది. జెండాలన్నీ తడిగుడ్డల్లా వేలాడాయి. చదవడానికి గాలే లేకపోతే కోరలీ విద్య ఏం పనికొస్తుంది? బ్రెంటన్ పద్దెనిమిది, కోరలీ పదిహేడు. కప్పు ఏడోసారి అతనికే. తొమ్మిది వందల మీటర్ల పతకం ఆమెది.

బహుమతులయ్యాక బ్రెంటన్ పాస్టీ పళ్లెం పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. "గాలి ఆగింది కాబట్టి బతికిపోయాను," అన్నాడు.

"తెలుసు," అంది కోరలీ, రెండు పాస్టీలు తీసుకుంటూ.

అతను గొంతు తగ్గించాడు. "సరేగానీ, నీ గొట్టం ఎన్నాళ్లలో తెప్పించాడు కిట్టో?"

గదికి ఆ చివరనున్న చెవిటి కిట్టో అరిచాడు. "రెండు నెలలు! వరసలో నిలబడు!"

నవంబరులో కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు ఆమెకి రాష్ట్ర సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. జట్టు పోటీల్లో గాలి చూసి చెప్పే మనిషి ఒకరు ఉంటారు, ఆ పని చేస్తారా అని. లారీ మెట్ల మీదే నిలబడి, నమూనా తీసే గొట్టం చంకలో ఇరికించుకుని చదువుకుంది.

"ఏమ్మా, గింజలు చూస్తావా, ప్రేమలేఖ చదువుకుంటావా?" అని డ్రైవరు హారన్ కొట్టాడు.

"రెండూనయ్యా!" అని, గొట్టం గుచ్చి నమూనా తీసింది. ఆ సాయంత్రం జవాబు రాసింది. పోటీలు కోతల రోజుల్లో పడకపోతే తప్పకుండా వస్తానంది. ఏప్రిల్‌లో పడ్డాయి. వెళ్లింది. జట్టు మూడో స్థానంలో నిలిచింది. అంతకు ముందు ఏడు మావాళ్లది ఎనిమిదో స్థానం.