ఆ బస్సు ఎటు పోయిందంటే

శ్యాంసుందర్ రావుగారు చెప్పిన కథను చివరిదాకా విన్నవాళ్లు జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా వెతికినా దొరకరు. ఆయన కథలకు మొదలు ఉంటుంది, మధ్య ఉంటుంది, అంతే.

జగిత్యాల శాస్త్రీయ సంగీత రేడియోలో సాయంత్రం కచేరీకి ఆయనే వ్యాఖ్యాత. పాటకు ముందు రెండు మాటలు చెప్పమంటే, ఆ రెండు మాటలూ గంభీరావుపేటలో ఆయన చిన్ననాటి ఇంట్లో బయల్దేరి, ధర్మపురి గోదాట్లో మునిగి, తీరిగ్గా తల తుడుచుకుని వచ్చేవి. కల్యాణి రాగం గురించి చెప్పాలంటే వాళ్లమ్మ చేసే పచ్చిపులుసుతో మొదలుపెట్టేవారు. తీరా కథ మంచి పట్టులో పడ్డాక, ఉన్నట్టుండి మాట మధ్యలోనే కోసేసి పాట పెట్టేసేవారు.

తన పెళ్లి కథ కూడా అలాగే చేశారు. "సన్నాయాయన ధర్మపురి బస్సనుకొని వేరే బస్సెక్కిండు. పీటల మీద మేము, బస్సుల ఆయన. ఆ బస్సు ఎటు పోయిందంటే..." అన్నారు. ఆ వెంటనే "ఇప్పుడు వాయులీనం" అన్నారు.

కోరుట్లలో మిఠాయి దుకాణం నడిపే నర్సింగానికి ఆనాటి నుంచి మనశ్శాంతి లేదు. రోజూ స్టేషన్‌కు ఫోన్ చేసేవాడు. బస్సు కరీంనగర్ పోయిందా, నిజామాబాద్ పోయిందా? ఇంతకూ సారుకు పెళ్లయిందా, లేదా?

ఈ ఫోన్లన్నీ ఎత్తేది స్టేషన్ నడిపే ఇంద్రజ. రావుగారంటే ఆమెకు ప్రాణం, ఆయన కార్యక్రమమంటే ప్రాణసంకటం. స్టూడియోలోకి ఫోన్ తేవద్దని ఆమె బోర్డు పెట్టించింది. ఆయన ఆ బోర్డు కిందే కూర్చుని, ఫోన్‌ను రుమాలు మడత మీద పడుకోబెట్టుకునేవారు. అడిగితే బీపీ గోలీ యాది చేస్తదనేవారు. ఫోన్ గుర్రుమనేది, ఆయన కథ ఆపేవారు, గోలీ మాత్రం వేసుకునేవారు కాదు.

చివరికి స్టేషన్ కమిటీకి ఓపిక నశించింది. ఏ వ్యాఖ్యాతా నిమిషానికి మించి మాట్లాడరాదు, మించితే కచేరీ వేరేవాళ్లకు ఇచ్చేస్తామంది. ఆ మాట ఆయనకు చెప్పే పని ఇంద్రజ మీద పడింది.

ప్రతిదానికీ వాదించే మనిషి ఆరోజు వాదించలేదు. అడగగానే ఫోన్ ఆమె చేతిలో పెట్టి, "గియ్యాల పాట జర నిదానంగ పెట్టరాదా బిడ్డా" అని మాత్రం అన్నారు. ఇంద్రజకు మనసు చివుక్కుమన్నా కఠినంగానే ఉంది. నిమిషం కాగానే ఆయన బుద్ధిగా నోరు మూసుకున్నారు, ఆమె అద్దం ఇవతల నుంచి వాయులీనం పెట్టేసింది.

పాట సగానికి వచ్చాక రావుగారి ఫోన్ గుర్రుమంది. ఆగింది. మళ్లీ మొదలై ఇక ఆగలేదు. ఇంద్రజ ఎత్తింది.

"సారూ, నేను సిరిసిల్ల రాజేశాన్ని. పాణం మంచిగుందా? సాంచాలు బంద్ చేసి రేడియో వెడ్తె మీ మాట ఇనవడలే, బుగులైంది. పాట సగమైపోయింది గని ఏం గాదు, మీరు మంచిగుంటె సాలు."

ఆమె ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేసింది. అద్దం అవతల రావుగారు దొరికిపోయిన దొంగలా తలొంచుకున్నారు.

సంగతి అప్పుడు బయటపడింది. రాజేశం సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుడు. ఆ మగ్గాలు, అదే సాంచాలు, నడుస్తుంటే పక్కమనిషి మాటే వినబడదు, ఇక వాయులీనమా? ఒక పాళీ వాళ్లు పని దిగి ఇంకో పాళీ వాళ్లు ఎక్కే మధ్యలో కాసేపు ఆపుతారు. అది ఎప్పుడన్నది యజమాని సేటు నేసిన బట్ట చూసుకోవడం ఎప్పుడవుతుందో దాన్నిబట్టి ఉంటుంది. ఒకసారి సిరిసిల్లలో చాయ్ తాగుతున్న రావుగారిని గొంతును బట్టి గుర్తుపట్టి, రోజూ పాట తోకే దొరుకుతోందని రాజేశం చెప్పుకున్నాడట. తనకు గోలీ యాదికొస్తుందని చెప్పి, సాంచాలు ఆగగానే మిస్డ్ కాల్ ఇమ్మని రావుగారు అతన్ని ఒప్పించారు. ఆనాటి నుంచి ఆ కాల్ వచ్చేదాకా ఈయన కథ సాగదీయాలి.

"మరి మాకు చెప్పచ్చు కద సార్?"

"చెప్తె మీరు ఒక టైం వెట్టుమంటరు. సాంచాలు టైముకు ఆగయి కద. తన కోసం అందరిని ఆపుతున్నమని తెలిస్తె రాజేశం ఫోనే చెయ్యడు. వట్టి సిగ్గరి. నేను ఊకనే ముచ్చట వెడ్తనని అనుకుంటుండు, అట్లనే అనుకోనీ."

ఇంద్రజ పాట ఆపేసింది. సాంకేతిక లోపానికి చింతిస్తున్నామని తనే మైకులో చెప్పి, వాయులీనం మళ్లీ మొదటి నుంచి పెట్టింది. ఆ లోపం ఎవరిదో ఆమెకు తెలుసు.

మర్నాడు ఆయన ఫోన్ రుమాలు మీదికి తిరిగి చేరింది. కమిటీ నియమాన్ని ఇంద్రజ తూచా తప్పకుండా పాటించింది. రావుగారు సరిగ్గా నిమిషం మాట్లాడి ఆగారు. ఫోన్ ఇంకా మోగలేదు. నియమం ప్రకారం నిమిషం ఒక్కో వ్యాఖ్యాతకు కదా! ఇంద్రజ పక్క కుర్చీ లాక్కుని మైకు అందుకుంది. అలవాటు లేని నోరు, ఏం చెప్పాలో తోచక, తొలి సంగీత పోటీకి పోయిన కథ ఎత్తుకుంది. "స్టేజీ ఎక్కి నోరు తెరిస్తే మొదటి వరుసలో ఎవరు కూర్చున్నారంటే..."

ఫోన్ గుర్రుమంది. ఇంద్రజ పాట పెట్టేసింది. సిరిసిల్లలో సాంచాలు ఆగాయి.

మరుక్షణం స్టేషన్ ఫోన్ మోగింది. కోరుట్ల నర్సింగం.

"గా బస్సే ఇంక ఇల్లు చేరలేదంటే, నువ్వు సుత మొదలువెట్టినవా బిడ్డా?"