ముట్టని పైసలు

మా వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. సేటు నూలు ఇస్తాడు, ముందుగా కొంత డబ్బూ ఇస్తాడు. ఆ డబ్బు తీరేదాకా మగ్గం ఆయనదే, ఇంకో సేటుకు నేయడానికి లేదు. కానీ మగ్గానికి పడుగు ఎక్కించకముందే మనసు మారితే, నూలూ పైసలూ ముట్టకుండా ఉన్నవి ఉన్నట్టు తిరిగి ఇచ్చేయొచ్చు. అప్పుడు బాకీ లేదు, మాట పడేదీ లేదు. అప్పు గురించి మా నాయిన చదివిన చదువంతా ఇదే.

డెబ్బైల చివర్లో నాకు ఢిల్లీలో ఎమ్మే సీటు వచ్చింది. అంతర్జాతీయ వ్యవహారాలు. అదేం చదువో మా వాడలో ఎవరికీ అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ సగమే అర్థమైంది. దరఖాస్తు పెట్టించింది మా కాలేజీ లెక్చరర్. ఖర్చులకు సర్కారు లోన్ స్కాలర్‌షిప్ ఇస్తుందని చెప్పిందీ ఆయనే. స్కాలర్‌షిప్ అన్న మాట చెవిన పడ్డాక దాని ముందున్న లోన్‌ను ఎవరు పట్టించుకుంటారు? నాయినతో సుబేదారిలో సర్కారు ఆఫీసుకు పోయి బాండు కాగితం చదివాకే నాకు ఆ లోన్ సంగతి తెలిసొచ్చింది. చదువయ్యాక ఉద్యోగం వచ్చినా రాకున్నా కట్టాలి. నేను కట్టకపోతే జామీను ఉన్న నాయిన కట్టాలి.

"గీ సదువు సదివితె ఏం నౌకరీ వస్తదమ్మా?" అని గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు.

"రాయబార కార్యాలయాల్ల వస్తదంటున్నరు సార్."

"వరంగల్ల గవి ఎన్నున్నయ్?"

పక్క టేబుల్ ఆయన పకపకా నవ్వాడు. ఒళ్లు మండుతున్నా నేనూ నవ్వాను. నాయిన నవ్వలేదు. సంతకం చేయాల్సిన చోట పెన్ను ఆనించి, ఎత్తి, మళ్లీ ఆనించి, చివరికి చేశాడు. మగ్గం మీద ఎన్నడూ తడబడని ఆ వేళ్లు సొంత పేరు రాయడానికి తడబడ్డాయి. ఇంటికి వచ్చేటప్పుడు సైకిల్ ఎక్కలేదు, కొత్తవాడ దాకా నడిపించుకుంటూనే వచ్చాడు.

మొదటి ఏడాది డబ్బు ఒకేసారి చేతికి వచ్చింది. ఆడపిల్ల అంత డబ్బుతో రైల్లో పోవద్దని నాయిన తన దగ్గరే ఉంచుకున్నాడు. "నెలనెల మనియార్డర్ చేస్త, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

ఫికర్ చేయకుండా ఎలా ఉంటాను? క్లాసులో దేశాల మధ్య ఒప్పందాల గురించి చెబుతుంటే నేను నోటు పుస్తకం చివరి పేజీలో నా లెక్క వేసుకునేదాన్ని. ఒక పక్క, హనుమకొండలోనే ఉండి బీఎడ్ చేస్తున్న నా స్నేహితురాలు. టీచరమ్మ అయితే ఆమెకు ఎంత జీతం వస్తుందో మా ఊళ్లో పాలవాడికి కూడా తెలుసు. రెండో పక్క నా డిగ్రీ. అక్కడ ఏం రాయాలో తెలియక గీత మాత్రం గీసి వదిలేసేదాన్ని. ఆ ఖాళీ నింపుకుందామని, ఇదే ఎమ్మే మూడేళ్ల కిందట పూర్తి చేసిన ఒక అక్కను అడిగాను. ఆమె ఇంకా మా హాస్టల్లోనే, ఎవరో స్నేహితురాలి గదిలో తలదాచుకుంటూ పిల్లలకు ట్యూషన్లు చెబుతోంది. "వస్తుంది, కొంచెం టైం పడుతుంది" అని చెప్పి, నా సబ్బు అడిగి తీసుకుపోయింది. ఆ రోజు నుంచి మనియార్డర్ వచ్చిన ప్రతిసారీ, సంతకం పెట్టేటప్పుడు, నేను తినే ప్రతి ముద్దా నాయిన మీద బరువు పెంచుతోందనిపించేది. ఇంటికి రాసిన కార్డుల్లో మాత్రం అంతా క్షేమమనే రాశాను.

వేసవి సెలవులకు బయల్దేరేటప్పటికి తేల్చుకున్నాను, మానేస్తానని. ఊళ్లోనే బీఎడ్ చేసి, ఈ ఏడాది అప్పు ఎలాగోలా తీర్చుకుంటాను. ఆ మాట ఎలా చెప్పాలో రైలు దిగేదాకా వల్లె వేసుకున్నాను.

ఇంటికి చేరేసరికి నాయిన మగ్గం మీద ఉన్నాడు. పెద్ద జంపఖానా నేయాలంటే ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఇదివరకు నేను కూర్చునే చోట ఇప్పుడు అమ్మ కూర్చుంది. నేను మంచినీళ్లు కూడా తాగకుండా చెప్పేశాను. నాయిన కోప్పడలేదు. లోపలికి పోయి, ఇనుప పెట్టె తెరిచి, ఒక గుడ్డ మూట తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇగో, నీ సర్కారు పైసలు. ఒక్క నోటు ముట్టలే. వద్దనుకుంటె వాపస్ ఇచ్చేద్దాం. బాకీ ఉండది."

నాకు బుర్ర పని చేయలేదు. మరి ఏడాదంతా నేను తిన్నది ఎవరి డబ్బు? అమ్మ తల వంచుకుని చెప్పింది. "సేటు దగ్గర తెచ్చిండు బిడ్డా. గా బాకీ తీరేదాక ఇంకొకలకు నేసుడు లేదు."

"అప్పు పైసలు పెట్టెల పెట్టుకోని ఇంకో అప్పు చేస్తవా నాయినా? ఎవరన్న చేస్తరా గట్ల?" అని అరిచాను.

"సర్కారు నాకు ఎరుక లేదు బిడ్డా. సేటైతె ఎరికే" అన్నాడు. "నువ్వు బుగులువడి ఎనుకకొస్తె తొవ్వ ఉండాలె గద."

నాకు ఏడుపు వచ్చింది. ఏడుపు కంటే ఎక్కువగా భయం వేసింది. నేను ఏడాదంతా బాండు మీదున్న అప్పుకే భయపడుతూ కూర్చున్నాను. ఏ కాగితమూ లేని అప్పు కింద ఈయన ఇక్కడ నడుము విరుచుకుంటున్నాడు. ఆ డబ్బు సర్కారుకు తిరిగి ఇచ్చేస్తే నేను విడుదలవుతాను, ఆయన మాత్రం అలాగే ఉండిపోతాడు.

మూట తీసుకుని నేరుగా సేటు దుకాణానికి పోయాను. సేటు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, పద్దులో నాయిన పేరు కొట్టేశాడు. గుడ్డ మాత్రం నాకు తిరిగి ఇచ్చాడు.

ఢిల్లీకి తిరిగి పోయి పూర్తి చేసిన ఆ డిగ్రీకి నాకు తర్వాత దొరికింది, హైదరాబాదులో ఒక పత్రికకు విదేశీ వార్తలు తెలుగు చేసే పని. జీతం నా స్నేహితురాలి జీతం కంటే తక్కువే. ఎనభైల్లో చాలా ఏళ్లు, సర్కారుకు కట్టాకే బియ్యం కొనుక్కున్నాను. ఆ మధ్యాహ్నం ఇవేవీ తెలియవు. ఇంటికి నడిచి వచ్చాను.

నాయిన నా చేతిలోని ఖాళీ గుడ్డ చూశాడు.

"ముట్టినవా బిడ్డా?"

"ముట్టిన."

"మరి ఇగ ఎనుకకు ఎట్ల వస్తవ్?"

"రాను నాయినా."

అమ్మను లేపి నా పాత చోట కూర్చున్నాను. ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. బాకీ తీరిన మనిషి, కానీ పొద్దుగూకేదాకా ఒక్క వరుస కూడా సరిగ్గా నేయలేకపోయాడు. బాండు మీద సంతకం పెట్టిన రోజులాగే వేళ్లు తడబడుతూనే ఉన్నాయి.