కోడలికి చెప్పాను

ఆ మామ్మ మా వార్డుకొచ్చేసరికి కాలి బొటనవేలికి పుండు, ఒంట్లో విపరీతమైన షుగరు. చేపల గంప మోస్తుంటే పడవలాగే జట్టీలో మేకు గుచ్చుకుందట. శుక్రవారానికల్లా షుగరు దిగకపోతే వేలు తీసేయాల్సిందే అన్నారు డాక్టరుగారు.

పథ్యం గురించి ఎవరికైనా నచ్చజెప్పగలనని నర్సుగా నాకో గర్వం. మంచం పక్కనున్నావిణ్ణి "మీరేమవుతారు?" అనడిగాను. "కోడల్నండి" అంది. పూటకు రెండిడ్లీలు మించకూడదని అరగంట చెప్పి, ఫైల్లో "కోడలికి చెప్పాను" అని రాసి సంతకం పెట్టాను.

మర్నాడు షుగరు దిగలేదు సరికదా, ఇంకా ఎక్కింది. మూడోరోజూ అంతే. డాక్టరుగారు నా మీద గుడ్లురిమారు. ఆ మంట నేను మంచం దగ్గరున్నావిడ మీద చూపించాను.

"మావోళ్లు సెప్పినారండి. రెండిడ్లీలే ఎట్టినాను!" అంది.

తీరా చూస్తే నేను చెప్పింది ఈవిడకు కాదు.

"మీరెవరు?"

"కోడల్నండి."

తీగ లాగితే డొంకంతా కదిలింది. జాలరిపేటలో వాళ్లది ఒకే వాకిలి, అయిదు పొయ్యిలు. కొడుకుల పెళ్లాలు ఇద్దరు, తమ్ముళ్ల కూతుళ్లు ముగ్గురు. మన భాషలో అందరూ కోడళ్లే. ఉన్న ఒక్క పాసూ గేటు దగ్గర చేతులు మార్చుకుంటూ, క్యారియర్లతో వరసగా వస్తున్నారు. ఎవరూ మాట తప్పలేదు, తలా రెండే పెట్టారు. పూటకు పదిడ్లీలు!

ఎవరూ లేనప్పుడు మామ్మని నిలదీశాను. "వద్దనలేవా?"

"ఒకలది తిని ఒకలది మానేత్తే ఇల్లు రెండైపోద్ది తల్లీ. ఏలు పోతే పోనీ" అంది. అంటూనే ఆ వేలు చూసుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. తిండిపోతు అనుకున్నందుకు నాకు సిగ్గేసింది.

"అయితే ఆ పాపం నా మీదకి తోసెయ్" అన్నాను.

మర్నాటి నుంచి వార్డు తలుపు దగ్గర నిలబడి, పూటకొక్క క్యారియర్ లోపలికి రానిచ్చి నాలుగు వెనక్కి పంపాను. ఎవరి వంతు ఎప్పుడో నేనే తేల్చాను. ఎన్నడూ ఒక్క మాట మీద ఉండని అయిదుగురూ నన్ను గయ్యాళి అనడంలో ఏకమైపోయారు. శుక్రవారం షుగరు దిగింది. వేలు నిలిచింది.

డిశ్చార్జి రోజు కోడళ్లందరి ముందూ మామ్మ గట్టిగా అంది, "ఈ నర్సమ్మతో ఆళ్లత్త ఎలాగ బతుకుతందో గానీ!"

అయిదుగురూ పగలబడి నవ్వారు. మామ్మ మాత్రం కొంగు చాటున నా చెయ్యి పట్టుకుని, లిఫ్టు వచ్చేదాకా వదల్లేదు.