హడావుడిలో పాత దారి

మోటార్లకు తీగ చుట్టే మావయ్య తాగుడు మానేసి చాలా ఏళ్లయింది. చేయి వణకదు, చూపు బాగానే ఆనుతుంది. అయినా ఆ వారం ఒకే తప్పు రెండుసార్లు చేశాడు. కొత్త రకం పంపు మోటారులో తీగ ఏ గాడి నుంచి ఏ గాడికి పోవాలో తనే చూసి బొమ్మ గీసుకున్నాడు. చుట్టేటప్పుడు మాత్రం చేతులు పాత మోటార్ల దారిలో పోయాయి. స్విచ్ వేయగానే పొగ.

"మళ్లీ కాల్చావా మావయ్యా?" అన్నాడు పక్క బల్ల మీద పనిచేసే మేనల్లుడు.

"నేను కాదురా, నా చేతులు."

"మరి అవి ఎవరివంటావ్?"

మావయ్య నవ్వాడు గానీ లోపల భయం పట్టుకుంది. చేతుల మీద నమ్మకం పోతే కొట్టు మూసుకోవడమే.

పాడైనదేదీ విప్పి చూడకుండా వదిలే మనిషి కాదు. ఎవరూ రాని మధ్యాహ్నం అదే మోటారు మళ్లీ చుట్టాడు. చక్కగా తిరిగింది. మర్నాడు అపార్ట్‌మెంటు వాచ్‌మన్ అలాంటిదే ఇంకొకటి తెచ్చి, "నీళ్లు రాక పై అంతస్తుల వాళ్లు నన్ను పీక్కుతింటున్నారయ్యా!" అంటూ నెత్తిన కూర్చున్నాడు. సగంలో ఆపి చూసుకుంటే మళ్లీ పాత దారే. తేడా తీగలో లేదు, హడావుడిలో ఉంది. రేపు రమ్మని వాచ్‌మన్‌ను పంపేసి, తనచేత తాగుడు మాన్పించిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు.

"కుర్రతనంలో పని ఒత్తిడి పెరిగినప్పుడల్లా తాగేవారు కదా," అందామె. "ఆ రెండూ కలిసి మెదడును మార్చేస్తాయి. ఆ వయసులో బయటపడదు. నడివయసులో, మానేశాక కూడా, ఒత్తిడి పడితే కొత్త దారికి మళ్లడం కష్టం కావచ్చు. మీది అదేనో కాదో పరీక్షలు చేసి చూద్దాం."

"అప్పట్లో గ్లాసు పడితేనే చేయి కుదిరేదమ్మా!"

"కుదిరినట్టు మీకు అనిపించేది."

కొట్టుకు తిరిగొచ్చి మావయ్య చెప్పిందంతా విని మేనల్లుడు స్క్రూ బిగించడం ఆపేశాడు. తొందర పని పడిన సాయంత్రాల్లో వాడు గ్లాసు కోసం ఏ సందులోకి వెళ్లొస్తాడో ఇద్దరికీ తెలుసు.

"నాకూ ఇలాగే అవుతుందా?"

"ఏమోరా. నా తలే విప్పి చూడలేకపోతున్నా, నీదేం చెప్పను?"

మర్నాడు వాచ్‌మన్ వస్తూనే కేకలు మొదలుపెట్టాడు. మావయ్య పట్టుకున్న తీగ వదిలేసి, మోటారును మేనల్లుడి ముందుకు జరిపాడు.

"నువ్వు చుట్టు. నేను బొమ్మ చూసి గాడి గాడికీ చెప్తా."

"ఒక్క మోటారుకి ఇద్దరా?" అన్నాడు వాచ్‌మన్.

"మూడోవాడివి నువ్వు అరవకుండా ఉంటే ఇద్దరం చాలు."

మోటారు తిరిగింది. పొగ రాలేదు. మావయ్య తొందర లేని ఫ్యాను ఒకటి తన ముందుకు లాక్కున్నాడు. చీకటి పడుతున్నా మేనల్లుడు లేవలేదు. స్టూలు దగ్గరికి జరుపుకుని అడిగాడు:

"మానేసిన కొత్తలో తొందర పని వస్తే ఏం చేసేవాడివి మావయ్యా?"