కైకలూరు ఇంట్లో సముద్రపు తొట్టె

2007లో ఏలూరు పవర్‌పేటలో నాకు చిన్న అక్వేరియం షాపు ఉండేది. గోల్డ్ ఫిష్‌లు, గప్పీలు, మేత డబ్బాలు, గాలి మోటార్లు అమ్మేవాణ్ణి. ఇళ్ళకు వెళ్ళి తొట్టెలు కడిగి వచ్చేవాణ్ణి. మా వైపు చేపలకు కరువు లేదు గాని, అద్దాల తొట్టెలో పెంచుకునేవాళ్ళు తక్కువ. అందులోనూ రీఫ్ ట్యాంక్, అంటే ఉప్పునీళ్ళు, పగడాలు, రంగురంగుల చిన్న సముద్రపు చేపలు ఉండే తొట్టె, నేను చూసుకున్నవాటిలో ఒక్కటే. అది కైకలూరులో ప్రసాద్ గారింట్లో ఉండేది.

ప్రసాద్ గారు చేపల చెరువుల రైతు. చుట్టుపక్కల ఏ చెరువులో చేప తేలినా ఆయన్నే పిలిచేవారు. నీళ్ళు అరచేతిలోకి తీసుకుని వాసన చూసి, ఏం తేడా వచ్చిందో చెప్పేవారు. చెన్నైలో ఎవరింట్లోనో రీఫ్ ట్యాంక్ చూసి మనసు పడ్డారు. నాలుగడుగుల తొట్టె, లైట్లు, లైవ్ రాక్ అనే సముద్రపు రాళ్ళు, చేపలు, అన్నీ అక్కణ్ణించే తెప్పించుకున్నారు. నెలనెలా వచ్చి నీళ్ళు మార్చి, సాలినిటీ, అంటే ఉప్పు పాళ్ళు, చూసి వెళ్ళమని నాకు చెప్పారు. ఉప్పునీటి తొట్టెలు నాకూ కొత్తే. పుస్తకాలు చదివీ, చెన్నైకి ఫోన్లు చేసీ నేర్చుకున్నాను.

ఇంట్లో ఆయన భార్య రమ గారు, ఆవిడ అక్క సుశీల గారు ఉండేవారు. సుశీల గారికి నలభై దాటి ఉంటాయి. పిల్లలు లేరు. భర్త పోయాక చెల్లెలి దగ్గరికి వచ్చేశారు. నేను వెళ్ళినప్పుడల్లా "రఫీ గారూ, ముందు మజ్జిగ తాగండి, చేపలెక్కడికీ పోవులెండి" అనేవారు. మధ్యాహ్నం పనంతా అయ్యాక తొట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మేత వేసే పని తనే అడిగి తీసుకున్నారు.

కొన్ని నెలలకు చేపలు పోవడం మొదలైంది. ఫైర్ ఫిష్ అని ఒక చేప ఉంటుంది. వేలెడంత పొడవు, ముందు సగం తెలుపు, వెనక సగం నిప్పు రంగు, చాలా బెదురు. వాటిలో ఒకటి తొట్టె వెనక నేలమీద ఎండిపోయి దొరికింది. తర్వాత ఇసుకలో తిరిగే గోబీ అనే చిన్న చేప తోక చిరిగి తేలింది. కబురు రాగానే వెళ్ళాను.

ఆ రోజు చెరువుల్లో భాగస్థులు కొందరు భోజనానికి వచ్చి ఉన్నారు. నేను నీళ్ళు పరీక్ష చేశాను. తేడా కనిపించలేదు. ఏ ఇంట్లోనైనా అడిగే మాటే అక్కడా అడిగాను.

"మేత ఎవరు వేస్తున్నారండీ?"

ప్రసాద్ గారు వడ్డిస్తున్న సుశీల గారి వైపు చూశారు.

"ఇంకెవరండీ, మా వదిన గారే. ఆవిడ చెయ్యి పడితే ఏది బతికింది గనక?"

భర్త పోయిన మనిషిని పట్టుకుని, పదిమంది తింటున్నచోట అన్న మాట అది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ "అదేం మాటండీ" అని కూడా అనలేదు. సుశీల గారు పప్పు గిన్నె బల్లమీద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయారు. "మేత ఎక్కువైతే నీళ్ళలో తెలిసిపోతుందండీ, నీళ్ళు బాగానే ఉన్నాయి" అని నేనన్నాను. అప్పటికే ఆవిడ వంటింట్లో ఉన్నారు. నాకు మజ్జిగ ఇచ్చిన గ్లాసు ఇంకా పక్కనే ఉంది. దానివైపు చూడలేకపోయాను.

ఆ వారంలోనే ఆవిడ భీమడోలులో ఉన్న పెద్దమ్మ కూతురింటికి వెళ్ళిపోయారు.

మళ్ళీ ప్రసాద్ గారి ఫోన్ వచ్చినప్పుడు ఆయన గొంతు గుర్తుపట్టలేకపోయాను.

"రఫీ గారూ, ఓసారి రాగలరా అండీ? ఇప్పుడు మేత నేనే వేస్తున్నాను. కొత్తగా రెండు ఫైర్ ఫిష్‌లు తెప్పించాను. దూకకుండా పైన వల కట్టాను. అయినా ఒకటి పోయిందండి." మళ్ళీ తనే, "వదిన గారు ఇక్కడ లేరు కూడా" అన్నారు.

వెళ్ళాను. నీళ్ళు ఎప్పటిలాగే బాగున్నాయి. తొట్టె దగ్గర మనిషి నిలబడితే చేపలన్నీ మేతకోసం అద్దం దగ్గరికి వస్తాయి. అప్పుడు వాటి మధ్య ఏం జరుగుతుందో తెలియదు. అందుకని ప్రసాద్ గారిని కూడా తీసుకుని హాలు ఆ చివరికి వెళ్ళి కూర్చున్నాను. ఇద్దరం కదలకుండా చూస్తున్నాం.

కాసేపటికి రాళ్ళ సందులోంచి డామ్సెల్ అనే నీలం చేప బయటికి వచ్చింది. బొటనవేలంత ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఆయనకి అదంటే ప్రాణం. నేరుగా వెళ్ళి ఫైర్ ఫిష్ తోక పట్టి కొరికింది. అది పై మూలకి పారిపోయింది. కిందికి దిగబోతే మళ్ళీ తరిమింది. తప్పించుకోలేక ఫైర్ ఫిష్ పైకెగిరి వలకి కొట్టుకుని నీళ్ళలో పడింది.

మా పనిలో కంపాటిబిలిటీ అని ఒకటి చూసుకోవాలి. ఏ చేప ఏ చేపతో ఇమిడి ఉంటుందన్న లెక్క. డామ్సెల్ ఎంత చిన్నదైనా తన చోటు అనుకున్న చోటికి ఇంకొకరిని రానివ్వదు.

"దీన్ని అన్నిటికంటే ముందు వేశారా అండీ?"

"అవునండి. కొత్త నీళ్ళని తట్టుకుంటుందని షాపువాళ్ళిచ్చారు."

"అయితే తొట్టె మొత్తం తనదే అనుకుంటోందండి."

ఆయన లేచి తొట్టె దగ్గరికి వెళ్ళారు. తర్వాత, "పిల్లచేపల చెరువులో కొర్రమీను పడితే ఏమవుతుందో నాకు తెలియదా రఫీ గారూ? ఊరందరికీ చెప్పేవాణ్ణి. ఇంట్లో చూసుకోలేదు" అన్నారు. ముఖం తుడుచుకున్నారు. రమ గారు గుమ్మంలో నిలబడి వింటున్నారు. "వెళ్ళి తీసుకురండి. అక్కని రమ్మని నేను మాత్రం అడగను" అని లోపలికి వెళ్ళిపోయారు.

రాళ్ళన్నీ బయటికి తీస్తేగాని డామ్సెల్ దొరకలేదు. దాన్ని కవరులో వేసుకుని ఆయన కారులో ఏలూరు బయల్దేరాను. కొల్లేరు మీదుగా ఆయనే నడుపుకొచ్చారు. చేపని షాపులో విడిగా ఉప్పునీళ్ళ బకెట్లో వేశాక, "భీమడోలు దాకా మీరూ రండి" అన్నారు.

రైలుకట్ట దగ్గర రెండు గదుల ఇల్లు. సుశీల గారు మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. ఆవిడ అడిగిన మొదటి మాట, "మిగిలిన చేపలు బాగున్నాయా అండీ?"

ప్రసాద్ గారు గబగబా మొదలుపెట్టారు. "అంతా ఆ నీలం చేప చేసిందండి వదిన గారూ. కావాలంటే రఫీ గారిని అడగండి. నాకు తెలియలేదు."

నన్నెందుకు తెచ్చుకున్నారో అప్పుడర్థమైంది. ఆవిడ అంతా ఓపిగ్గా విన్నారు.

"చేపల్ని చేపే చంపిందండీ, సరే. ఆ మాట చేప అనలేదు కదా."

ప్రసాద్ గారు తల వంచేశారు. "నేనే అన్నానండి. అనకూడని మాట అన్నాను" అన్నారు.

"అవునండి" అన్నారావిడ. అంతే. కోప్పడలేదు, పోనివ్వండి అని కూడా అనలేదు. ఇంటికి రమ్మంటే మాత్రం, "ఇక్కడ హాస్టల్లో వంటకి కుదిరానండి. నా తిండి నేను తింటున్నాను. రమని చూడ్డానికి వస్తాను" అన్నారు.

తర్వాతి నెల నేను వెళ్ళిన రోజున ప్రసాద్ గారు ఆ భాగస్థులనే మళ్ళీ భోజనానికి పిలిచారు. అందరి ముందూ నిలబడి, "ఆ రోజు మా వదిన గారిని నేనన్న మాట తప్పు. చేపలు పోయింది నా తెలివితక్కువ వల్ల" అని చెప్పారు. ఒకాయన ఇబ్బందిగా నవ్వి, "ఊరుకోండి, ఆవిడ ఎప్పుడో మర్చిపోయుంటారు" అన్నాడు.

"మర్చిపోలేదండి" అన్నారు ప్రసాద్ గారు.

సుశీల గారు తర్వాత చెల్లెల్ని చూడ్డానికి వచ్చిన రోజున నేనక్కడే ఉన్నాను. తొట్టె ప్రశాంతంగా ఉంది. రమ గారు మేత డబ్బా చేతికివ్వబోతే, "నువ్వే వెయ్యి రమా" అని ఆవిడ రెండు చేతులూ పమిట కిందికి లాక్కున్నారు. ప్రసాద్ గారు లేచి బయటికి వెళ్ళిపోయారు.

సాధు చేపల్ని ముందు వేసి, చోటు కోసం కొట్లాడేవాటిని చివర వెయ్యాలనీ, వీలైతే అసలు వెయ్యకూడదనీ ఆ తొట్టె నాకు నేర్పింది. చేపలు పోతున్నాయని ఎవరు పిలిచినా ఇప్పుడు నా మొదటి ప్రశ్న, "తొట్టెలో ముందు ఏ చేప వేశారండీ?" అన్నదే. మేత ఎవరు వేస్తారన్నది నలుగురున్న చోట మాత్రం ఇంకెప్పుడూ అడగలేదు.