ఇస్పేటు రాణి నొసలు

రిటైరవడానికి ముందు ఏడాది వేసవిలో, చెన్నైలో మా సంస్థ పెట్టబోయే పాత పేకముక్కల ప్రదర్శనకు నన్ను వేశారు. నేను కాగితపు వస్తువుల సంరక్షణాధికారిని. చిరిగినవి అతకడం, మురికి తీయడం, ఉన్నది ఇంకా పాడవకుండా చూడడం నా పని.

పురసవాక్కం నుంచి వసుంధరమ్మగారనే పెద్దావిడ తమ ఇంటి పేక తెచ్చారు. రాతి అచ్చు మీద ముద్రించి, చేత్తో రంగులు వేసిన ఐరోపా ముక్కలు. ఒక్కో బొమ్మ ఒక్కో దేశపు దుస్తుల్లో ఉంది. ఆటీను రాణిది స్పెయిన్ జాలీ ముసుగు, డైమను రాణిది రష్యా కిరీటం, కళావరు రాణిది స్విట్జర్లాండు గౌను. ముగ్గురి నొసటా ఎర్రని చుక్క!

ప్రదర్శన బాధ్యుడైన మా క్యూరేటరు వాటిని చెమ్మ మరకలనుకుని తీసెయ్యమని రాసి పంపారు. నాకు నవ్వొచ్చింది. చెమ్మ మరకకి సరిగ్గా కనుబొమల మధ్యే కూర్చోవాలని ఎవరు చెప్పారట? అది కుంకుమ. బోసి నుదురు రాణిని చేతపట్టుకుని ఆడడం మా మద్రాసు తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లకు గిట్టదు. బొట్లు ముట్టుకోనని తిరుగు జవాబు రాశాను.

అసలు చిక్కు ఇస్పేటు రాణితో వచ్చింది. హంగరీ దుస్తుల్లో ఉన్న ఆమెకు బొట్టు లేదు. తుడిచినచోట కాగితం నూగు లేచింది.

"అది మా అమ్మ ముక్క సార్. నాయన పోయినాక అమ్మకు బొట్టు తీసేసినారు. దీని బొట్టు అమ్మే తుడిచేసింది. మళ్లా ఆడనే లేదు. దీనికి బొట్టు పెట్టండి, లేకుంటే ఈడ ఇయ్యను" అన్నారు వసుంధరమ్మగారు.

కుదరదన్నాను. మా చేతికొచ్చిన వస్తువుకు కొత్తగా ఏదీ చేర్చకూడదు. ఆమె ముక్కలు పెట్టెలో సర్దుకోసాగారు.

అయితే అప్పగింత పత్రం మీద సంతకం ఇంకా కాలేదు. అయ్యేదాకా ముక్కలు ఆమెవే, మా నిబంధన వాటికి వర్తించదు. ఆ మాట చెప్పి, పత్రం నా దగ్గరే ఉంచుకుని, ముక్కను ఆమె ముందుకు జరిపాను.

ఆమె చేతిసంచిలోంచి కుంకుమ భరిణె తీశారు. తన భర్త పోయినా తాను బొట్టు మానలేదన్నారు. ఉంగరపు వేలితో రాణి నొసట అద్ది, "ఇంక ఆడుదువు రామ్మా" అన్నారు. నాకు చాలా సంతోషమైంది. తర్వాతే సంతకం చేశారు.

'ఇస్పేటు రాణి బొట్టు యజమానురాలు పెట్టినది, తీయరాదు' అని స్థితి నివేదికలో రాశాను. క్యూరేటరు గొణిగారు గానీ కొట్టెయ్యలేదు. వస్తువును స్వాధీనం చేసుకునే ముందు, ఇచ్చేవాళ్లకు దానితో ఇంకా పని మిగిలిందేమో అడగాలి. ఆ తర్వాత నేను అడగకుండా ఎవరిచేతా సంతకం పెట్టించలేదు.